ప్రమాద సంకేతాలు చదవలేని చదువులు

బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో 2013 జూలై 16న మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది బాలబాలికలు మృత్యువాత పడ్డారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి ఉన్నదని ఫోరెన్సిక్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుకు వాడిన డబ్బాలో నూనె నిలవ చేయడమే ఇందుకు కారణమని అధికారులు నాడు వెల్లడించారు. ప్రధానోపాధ్యాయురాలికి 2016లో న్యాయస్థానం శిక్ష విధించడంతో చట్టం తన పని తాను చేసినట్లయింది. విద్యావ్యవస్థ నేర్చుకోవలసిన పాఠం మాత్రం అలాగే మిగిలిపోయింది. విషం నింపిన పాత్రను ఆహారానికి వాడరాదన్న ప్రాథమిక జ్ఞానం అక్షరాలు నేర్పే చోటనే కొరవడటం ఈ దేశపు చదువుల మీద తీవ్రమైన అభిశంసన.

పురుగుమందు డబ్బా లేని ఇల్లు పత్తి, మిరప పండే పల్లెల్లో అరుదు. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం ప్రతి డబ్బా మీదా వజ్రాకారపు గుర్తు ఒకటి ఉండాలి. దాని దిగువ సగంలో ఎరుపు రంగు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు ఉంటే తీవ్ర విషం, నీలం ఉంటే మధ్యస్థం, ఆకుపచ్చ ఉంటే స్వల్ప విషం అని అర్థం. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, ఉన్నవాటిలో తక్కువ అని మాత్రమే. ఈ నాలుగు రంగుల భేదం పదో తరగతి ఉత్తీర్ణులైన యువకులలో ఎందరికి తెలుసునని ఏ ఊళ్లో విచారించినా నిరాశే ఎదురవుతుంది. ఆమ్లాలు, క్షారాలు, లవణాల నిర్వచనాలు తడుముకోకుండా అప్పగించగల విద్యార్థి తన ఇంటి అటకమీద ఉన్న డబ్బా ఏమి హెచ్చరిస్తున్నదో చెప్పలేకపోతున్నాడు.

సరిహద్దులు లేని నిరక్షరాస్యత

ఈ లోపం ఒక రాష్ట్రానికో, ఒక దేశానికో పరిమితమైనది కాదు. పాకిస్థాన్‌లోని బహావల్‌పూర్ జిల్లాలో 2017 జూన్ 25న పెట్రోలు ట్యాంకరు బోల్తా పడినప్పుడు, పరిసర గ్రామాల ప్రజలు బిందెలు, సీసాలు పట్టుకుని ఇంధనం కోసం పరుగులు తీశారు. కొద్దిసేపటికే మంటలు చెలరేగి 200 మందికి పైగా ఆహుతయ్యారు. పేదరికం వారిని అక్కడకు నడిపించిన మాట నిజం. అయితే పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనదనీ, నేలబారుగా పాకి దూరాన ఉన్న నిప్పురవ్వను సైతం అందుకోగలదనీ తెలిసి ఉంటే, అక్కడ గుమికూడిన వారిలో కొందరైనా వెనుదిరిగి ఉండేవారు.

బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ సమీపాన సీతాకుండలో 2022 జూన్ 4 రాత్రి కంటెయినర్ డిపోలో మంటలు లేచాయి. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బందితో సహా సుమారు 50 మంది మరణించారు. అక్కడి కంటెయినర్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ నిలవ ఉంది. ఆ పదార్థం తాను మండకపోయినా, ఆక్సిజన్‌ను విడుదల చేసి పక్కనున్న మంటను ప్రజ్వలింపజేస్తుంది. అంతర్జాతీయ సంకేతాలలో వలయం మీద మంట వేసిన బొమ్మ ఈ స్వభావాన్నే సూచిస్తుంది. లోపల రసాయనాలున్న సంగతి తమకు ఎవరూ చెప్పలేదని అగ్నిమాపక శాఖ అధికారులు నాడు వాపోయారు. చెప్పవలసిన గుర్తు చెప్పవలసిన చోట లేకపోతే మూల్యం చెల్లించేది ఎవరో సీతాకుండ చాటింది.

ఇక దేశ రాజధానిలో జరిగినది మరింత సిగ్గుచేటు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా పడి ఉన్న గామా వికిరణ పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేశారు. అందులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. మాయాపురి ఇనుప తుక్కు బజారులో దానిని విడగొట్టిన ఫలితంగా పలువురు వికిరణ రోగాల పాలయ్యారు, ఒకరు మరణించారు. నిరక్షరాస్యులైన తుక్కు కూలీలను తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆ పరికరాన్ని అమ్మినది విద్యాధికులు నిండిన ప్రయోగశాల.

వికిరణాన్ని సూచించే మూడు రెక్కల గుర్తు సామాన్యులకు అర్థం కావడం లేదని గ్రహించిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, భారత్ సహా 11 దేశాలలో 1,650 మందిపై కొత్త బొమ్మలను పరీక్షింపజేసింది. దాని ఫలితంగా 2007లో అదనపు సంకేతం ఒకటి వెలువడింది. ఎర్రని త్రికోణంలో మూడు రెక్కల గుర్తు నుంచి కిరణాలు వెలువడుతుండగా, కింద పుర్రె, దూరంగా పరుగెత్తుతున్న మనిషి అందులో కనిపిస్తారు. గుర్తు గీసినంత మాత్రాన అది చూసినవారికి అర్థమైపోదనీ, దానిని నేర్పవలసి ఉంటుందనీ ఆ సంస్థ అనుభవం రుజువు చేస్తున్నది.

చట్టాలున్నాయి, చదివేవారేరీ?

చట్టాల విషయంలో మన దేశం పేదది కాదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌ను మిథైల్ ఐసోసైనేట్ కమ్మేసిన తరువాత పార్లమెంటు మేల్కొన్నది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. కర్మాగారంలో వాడే పదార్థాల ప్రమాదాలను కార్మికులకూ పరిసర ప్రజలకూ తెలియజేయాలని నిర్దేశిస్తూ 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిలవ, దిగుమతులపై 1989లో ప్రత్యేక నిబంధనలు వెలువడ్డాయి. రసాయనాలు మోసే లారీల మీద అత్యవసర సమాచార ఫలకం ఉండాలని అదే సంవత్సరపు మోటారు వాహనాల నిబంధనలు ఆదేశిస్తున్నాయి. ఈ శాసనాలన్నిటి వెనుక ఒక నమ్మకం దాగి ఉంది. ఫలకం మీద రాసినది చదివి అర్థం చేసుకోగల పౌరుడు ఎదుట ఉన్నాడన్నదే ఆ నమ్మకం. ఆ పౌరుడిని తయారుచేసే బాధ్యత మాత్రం ఏ చట్టమూ ఎవరికీ స్పష్టంగా అప్పగించలేదు.

పాఠశాలల విషయంలో సర్వోన్నత న్యాయస్థానం రెండుసార్లు జోక్యం చేసుకోవలసి వచ్చింది. కుంభకోణం పాఠశాల అగ్నిప్రమాదంలో 2004 జూలై 16న 94 మంది చిన్నారులు సజీవ దహనమైన నేపథ్యంలో, 2009లో ఇచ్చిన తీర్పులో భద్రత గల పాఠశాలలో చదువుకోవడం పిల్లల ప్రాథమిక హక్కులో భాగమని ప్రకటించింది. మండే స్వభావం గల పదార్థాలు, విషపదార్థాలు బడి ఆవరణలో ఉండరాదనీ, తప్పనిసరి అయితే సురక్షితంగా నిలవ చేయాలనీ ఆదేశించింది. యాసిడ్ దాడుల కేసులో 2013లో ఇచ్చిన ఉత్తర్వులలో విద్యాసంస్థలు, పరిశోధనశాలలు యాసిడ్ వాడకానికి రిజిస్టరు నిర్వహించాలనీ, దాని భద్రతకు ఒక వ్యక్తిని బాధ్యుడిని చేయాలనీ, యాసిడ్ వాడే ప్రయోగశాలల నుంచి బయటకు వెళ్లేవారిని తప్పనిసరిగా తనిఖీ చేయాలనీ స్పష్టం చేసింది. ఆ రిజిస్టరు ఏ బీరువాలో ఉన్నదో చూపగల పాఠశాలలు, జూనియర్ కళాశాలలు ఎన్ని ఉన్నాయో విద్యాశాఖలు ఆత్మపరిశీలన చేసుకోవలసి ఉంది.

మార్కులు లేని పాఠం

పాఠశాల గౌరవించేది మార్కులనే. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పన్నెండో తరగతి రసాయనశాస్త్ర ప్రయోగ పరీక్షకు 30 మార్కులు కేటాయించింది. అందులో ఘనపరిమాణ విశ్లేషణకు 8, లవణ విశ్లేషణకు 8, పాఠ్యాంశ సంబంధిత ప్రయోగానికి 6, ప్రాజెక్టుకు 4, రికార్డు, మౌఖిక పరీక్షలకు 4. కళ్లద్దాలు పెట్టుకున్నందుకు గాని, సీసా మీది గుర్తు చదివినందుకు గాని, ప్రయోగం ముగిశాక వ్యర్థ ద్రవాన్ని సక్రమంగా పారబోసినందుకు గాని విడిగా ఒక్క మార్కు లేదు. తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరంలోనూ ప్రయోగ పరీక్షకు 30 మార్కులే. సంవత్సరమంతా తాళం వేసి ఉన్న ప్రయోగశాలలు పరీక్షలకు పక్షం రోజుల ముందు తెరుచుకోవడం, రికార్డులు ఒకరి నుంచి మరొకరు నకలు చేసుకోవడం బహిరంగ రహస్యం. అటువంటి చోట భద్రతా పాఠానికి చోటు దొరకకపోవడంలో వింత లేదు.

నేర్పకపోవడం ఒక ఎత్తు; తప్పుగా నేర్పడం మరొక ఎత్తు. ఆక్జాలిక్ ఆమ్లం విషపదార్థమని తెలిసి కూడా దానిని నోటితో పిపెట్‌లోకి పీల్పించే అలవాటు కళాశాలలను ఇంకా పూర్తిగా వదలలేదు. రబ్బరు బల్బు ఖరీదు అల్పమే అయినా అది ప్రయోగశాలకు చేరదు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును కిటికీలు మూసిన గదిలో తయారు చేయిస్తారు. కుళ్లిన గుడ్ల వాసన వల్ల ఆ వాయువును గుర్తుపట్టవచ్చునని పాఠ్యపుస్తకం చెబుతుంది. గాఢత పెరిగినప్పుడు అది ఘ్రాణశక్తినే మొద్దుబారుస్తుందనీ, వాసన ఆగిపోవడం ప్రమాదం తొలగిందనడానికి గుర్తు కాదనీ చెప్పేవారు అరుదు. వైజ్ఞానిక ప్రదర్శనల్లో అమ్మోనియం డైక్రోమేట్‌ను వెలిగించి అగ్నిపర్వతాన్ని చూపడం ఒక ఆనవాయితీ. ఆ పదార్థం క్యాన్సర్ కారకమన్న ఎరుక ఆ చప్పట్ల హోరులో ఎవరికీ ఉండదు.

కారణం చెప్పకుండా అప్పగింపజేసిన నియమం ఆపద వేళ అక్కరకు రాదు. ఆమ్లాన్ని నీటిలో కలపాలి, నీటిని ఆమ్లంలో పోయరాదు అన్న వాక్యం అందరికీ కంఠస్థమే. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికన్నా దాదాపు 1.84 రెట్లు సాంద్రమైనది. దానిపై నీరు పోస్తే ఆ నీరు పైనే తేలి, కలయికలో పుట్టే వేడికి ఒక్కసారిగా మరిగి ఆమ్లంతో సహా ముఖం మీదకు చిమ్ముతుంది. ఈ సంగతి ఒకసారి అర్థమైన విద్యార్థి ఆ నియమాన్ని జన్మలో మరువడు. ఆమ్లం కంట్లో పడితే వెంటనే ధారగా పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి, సోడా ద్రావణం వంటివి కంట్లో పోయరాదు అన్నదీ అటువంటిదే. ఆ 15 నిమిషాలకు సరిపడా నీరు వచ్చే కుళాయి ప్రయోగశాలలో ఉండాలన్న ప్రశ్న అప్పుడు దానంతట అదే పుడుతుంది.

రంగుల గందరగోళం

ప్రమాద చిహ్నాలను నేర్పడం గోడమీద ఒక పటం తగిలించినంత సులువు కాదు. 1992 రియో ధరిత్రీ సదస్సు పిలుపు మేరకు ఐక్యరాజ్యసమితి రూపొందించిన ప్రపంచవ్యాప్త ఏకరూప విధానం 2003లో వెలువడింది. ఎర్రని వజ్రాకారపు చట్రంలో తొమ్మిది బొమ్మలు అందులో ఉన్నాయి. పేలుతున్న బాంబు, మంట, వలయం మీద మంట, గ్యాస్ సిలిండరు, లోహాన్నీ చేతినీ తినివేస్తున్న ద్రవం, పుర్రె-ఎముకలు, ఆశ్చర్యార్థకం, ఛాతీపై నక్షత్రం విచ్చుకున్న మనిషి, ఎండిన చెట్టు పక్కన చచ్చిన చేప. వీటిలో ఛాతీపై నక్షత్రం గుర్తును పొరపాటుగా అర్థం చేసుకునే అవకాశం ఎక్కువ. క్యాన్సర్, శ్వాసకోశ వ్యాధులు, సంతాన లోపాల వంటి దీర్ఘకాలిక హానిని అది సూచిస్తుంది. జీవశాస్త్ర ప్రయోగశాలలో నమూనాలు నిలవ చేసే ఫార్మలిన్ సీసాపై ఉండవలసిన గుర్తులలో అదొకటి.

ఐరోపా దేశాలు తమ పాత నారింజ రంగు చతురస్రపు గుర్తులకు 2015 నాటికి స్వస్తి చెప్పాయి. మన పాఠశాలల బీరువాలలో పాత సీసాలు ఉన్నంతకాలం ఆ గుర్తులూ ఉంటాయి. వాటికి తోడు రవాణా వాహనాలకు ఒక పద్ధతి, పురుగుమందులకు మరొక పద్ధతి. కర్మాగారాల ట్యాంకులపై కనిపించే నాలుగు గదుల వజ్రాకృతిలో నీలం ఆరోగ్య హానిని, ఎరుపు మండే స్వభావాన్ని, పసుపు రసాయనిక అస్థిరతను సూచిస్తాయి. అదే నీలం పురుగుమందు డబ్బా మీద మధ్యస్థ విషానికి సంకేతం. వీటన్నిటినీ ఒక తాటిపైకి తేవలసిన రసాయనాల నిర్వహణ, భద్రతా నిబంధనలు 2020 నుంచి ముసాయిదా రూపంలోనే నలుగుతూ వచ్చాయి. పాలకులు తేల్చలేని గందరగోళాన్ని తొమ్మిదో తరగతి విద్యార్థి సొంతంగా ఛేదించాలని ఆశించడం న్యాయం కాదు.

భాష మరొక అడ్డుగోడ. సీసాల మీది హెచ్చరికలు చాలావరకు ఆంగ్లంలోనే ఉంటాయి. పురుగుమందు డబ్బాలతో వచ్చే కరపత్రాలలో తెలుగు ఉన్నా, భూతద్దం లేనిదే చదవలేని అక్షరాలలో ఉంటుంది. బొమ్మ ఏ భాషకూ చెందినది కాదు గనుకనే దానికి అంత విలువ. అయితే బొమ్మ ప్రమాదం ఏమిటో చెబుతుంది గాని ఏమి చేయాలో చెప్పదు. ఆ పని మాతృభాషలో రాసిన రెండు పంక్తులే చేయగలవు.

తాళం వేయడం భద్రత కాదు

భద్రత గురించి ప్రస్తావించినప్పుడల్లా వినిపించే అభ్యంతరం ఒకటి ఉంది. ప్రయోగశాలే లేని పాఠశాలలో, నీటి కుళాయే లేని ఊళ్లో ఈ పాఠాలు ఎవరికన్నదే ఆ ప్రశ్న. దీనిని కొట్టిపారేయలేము. అయితే ఇంట్లో మరుగుదొడ్డి శుభ్రపరిచే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుందని తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర లేదు. వంటగ్యాస్ సిలిండరు, పురుగుమందు డబ్బా, టర్పెంటైన్ సీసా, రోడ్డుమీద వెళ్లే ట్యాంకరు లారీ ఇవన్నీ ఆ పాఠానికి పరికరాలే. ప్రయోగశాల లేని పాఠశాలకు ఈ పాఠం అవసరం ఇంకా ఎక్కువ.

రెండవ అభ్యంతరం మరింత ప్రమాదకరమైనది. గొడవెందుకని ప్రయోగాలనే మానిపించే ధోరణి అది. ఎక్కడో విద్యార్థి చేయి కాలిందని తెలియగానే యాజమాన్యాలు సీసాలను బీరువాలో పెట్టి తాళం వేస్తాయి. తెరమీద బొమ్మ చూపించి ప్రయోగం అయిందనిపిస్తాయి. ఈత రాని పిల్లవాడిని జీవితాంతం చెరువు గట్టుకు దూరంగా ఉంచడం ఎవరి వల్లా కాదు. తాళం వేసిన బీరువాలో రసాయనాలు నిద్రపోవు. మూత వదులైన సీసాలోని ఆమ్లం ఆవిరి బీరువా ఇనుమును తినివేస్తుంది. ఎండిపోయిన పిక్రిక్ ఆమ్లం స్వల్ప రాపిడికే పేలగలదు. వాడకుండా పడి ఉన్న పరికరం ఎంత పని చేయగలదో మాయాపురి చూపింది.

పరిశ్రమ ద్వారం వద్ద విద్యార్థి

ఈ అంశం తెలుగు ప్రజలకు మరింత సన్నిహితమైనది. హైదరాబాద్ పరిసరాల నుంచి విశాఖ తీరం వరకు విస్తరించిన ఔషధ, రసాయన పరిశ్రమలు వేలాది మందికి ఉపాధి కల్పిస్తున్నాయి. ఇంటర్మీడియట్, ఐటీఐ, రసాయనశాస్త్ర పట్టభద్రులే అక్కడ రియాక్టర్ల వద్ద నిలబడుతున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఔషధ కర్మాగారంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ దుర్ఘటనలకు కార్మికుల అజ్ఞానాన్ని కారణంగా చూపడం దారుణమవుతుంది. నిర్వహణ లోపాలకు బాధ్యత యాజమాన్యాలది, తనిఖీ యంత్రాంగానిది. కానీ తన పక్కనున్న పీపాలో ఏమున్నదో అడగగల కార్మికుడు, అడిగే హక్కు తనకు చట్టం ఇచ్చిందని తెలిసిన కార్మికుడు యాజమాన్యానికి అన్నిటికన్నా సమర్థుడైన తనిఖీ అధికారి. అతడు తయారు కావలసింది పాఠశాలలో.

ఉన్నత పరిశోధనాలయాలూ ఈ బలహీనతకు అతీతం కావు. 2009 డిసెంబరులో ట్రాంబేలోని బాబా అణు పరిశోధన కేంద్రపు ప్రయోగశాల అగ్నిప్రమాదంలో ఇద్దరు యువ పరిశోధకులు, 2018 డిసెంబరులో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో సిలిండరు పేలి మరొకరు అసువులు బాశారు. దేశంలోని మేటి సంస్థలలోనే ప్రయోగశాల ప్రాణాలు తీయగలిగినప్పుడు, భద్రతను పైతరగతుల్లో నేర్చుకుంటారులే అని పాఠశాల చేతులు దులుపుకోవడం తగదు. అలవాట్లు పడేది పసితనంలో.

చేయవలసింది

కేంద్ర ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో రానున్న అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొల్పుతామని ప్రకటించింది. టంకం వేసే పరికరాలు, బ్యాటరీలు, విద్యుత్ యంత్రాలు పిల్లల చేతికి అందడం శుభపరిణామమే. వాటితో పాటే భద్రతా శిక్షణ కూడా అందాలి. ప్రతి ప్రయోగ పరీక్షలో 30 మార్కులకు కనీసం 5 భద్రతకు కేటాయించాలి. ఆ మార్కులు రాతపరీక్షకు కాక ప్రవర్తనకు దక్కాలి. పరీక్షకుడు విద్యార్థి చేతికి ఒక సీసా ఇచ్చి, ఇది ఒలికితే ఏమి చేస్తావని అడిగితే చాలు. ప్రయోగశాలలో ప్రతి సీసాకూ తెలుగులో పేరు, గుర్తు, రెండు జాగ్రత్తలు రాసిన చీటీ అంటించే పని విద్యార్థులకే అప్పగిస్తే, అదే వారికి మంచి పాఠం అవుతుంది. ప్రయోగాలలో వాడే పదార్థాల పరిమాణాన్ని చుక్కలలోకి తగ్గిస్తే ఖర్చూ ప్రమాదమూ రెండూ తగ్గుతాయి.

ఖాళీగా పడి ఉన్న ప్రయోగశాల సహాయకుల పోస్టులను భర్తీ చేయాలి. కాలం చెల్లిన రసాయనాలను జిల్లా స్థాయిలో సేకరించి, నిపుణుల పర్యవేక్షణలో నిర్మూలించే ఏర్పాటు జరగాలి. వాటిని కాలువలో పారబోసినా, వేలం వేసినా బాధ్యులపై చర్య తీసుకోవాలి. చిన్నపాటి ప్రమాదాలను సైతం నమోదు చేసే పుస్తకం ప్రతి పాఠశాలలో ఉండాలి. నిజం రాసిన ఉపాధ్యాయుడిని శిక్షించే సంస్కృతి పోనంతకాలం ఆ పుస్తకం ఖాళీగానే ఉంటుంది. అందువల్ల తప్పు ఎవరిదన్న విచారణకన్నా, మళ్లీ జరగకుండా ఏమి చేయాలన్న విచారణకే అది ఉపయోగపడాలి.

ఇందులో ఏ ఒక్కటీ వేల కోట్ల రూపాయలు కోరేది కాదు. ప్రపంచ రసాయన ఉత్పత్తిలో అగ్రశ్రేణి దేశాల సరసన నిలిచామని చెప్పుకునే ప్రభుత్వాలు, ఆ రసాయనాల మధ్య బతకవలసిన తరానికి తొమ్మిది బొమ్మల అర్థం చెప్పలేకపోవడం సమర్థనీయం కాదు. చదవడం, రాయడం, లెక్కలు చేయడంతో పాటు ప్రమాదాన్ని గుర్తించడాన్నీ అక్షరాస్యతలో భాగంగా పరిగణించవలసిన కాలం ఎప్పుడో వచ్చింది. వచ్చే విద్యా సంవత్సరపు ప్రయోగ పరీక్షల విధానం నుంచే పాఠశాల విద్యాశాఖలు, ఇంటర్మీడియట్ బోర్డులు ఇందుకు శ్రీకారం చుట్టాలి.